కలం మీది, పెత్తనం ఎవరిది?

గుంటూరులోనో కాకినాడలోనో ఎంబీబీఎస్ చదివి అమెరికా ఆస్పత్రుల్లో రెసిడెన్సీ చేస్తున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! అక్కడే పుట్టి పెరిగి అదే తెల్లకోటు తొడిగిన బిడ్డలారా! ఈ మాట మీకే.

మీ క్లినిక్కు గడప తొక్కేవాళ్లలో చాలామంది పేదలు. 1965లో పుట్టిన ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడే వాళ్లకు దిక్కు. మీరు స్కాన్ రాస్తారు. మీ పైనున్న అటెండింగ్ డాక్టరు చూసి సరేనంటారు. అయినా ప్రయర్ ఆథరైజేషన్, అంటే బీమావాళ్ల ముందస్తు అనుమతి, రాందే పని జరగదు. ఫారాలు, ఫ్యాక్సులు, ఎడతెగని ఫోన్లు! రోగి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పూట అక్కడే ఆవిరవుతుంది.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ‘ఏది సరైన వైద్యం?’ అని వెతకాల్సిన బుర్ర ‘ఏది పాసవుతుంది?’ అని వెతకడానికి అలవాటు పడుతుంది. శిక్షణలో పడ్డ అలవాటు ఒక పట్టాన వదలదు. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ సొమ్ము కూడా రెసిడెన్సీ శిక్షణకు అందుతోంది. డాక్టర్ని తయారుచేయమని ఇచ్చిన డబ్బుతో గుమాస్తాని తయారుచేయడం ఏం న్యాయం?

ప్రజాధనానికి కాపలా వద్దని కాదు. ఆ కాపలాదారుడూ లెక్క చెప్పాలి. మెడికెయిడ్ పథకాలు నడిపే బీమా కంపెనీలను పరిశీలించిన ఫెడరల్ ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, 2019లో అవి ప్రతి 8 ముందస్తు అనుమతి అభ్యర్థనల్లో ఒకదాన్ని తోసిపుచ్చాయని 2023లో తేల్చింది. ఆ తిరస్కారాలు సబబా కాదా అని చాలా రాష్ట్రాలు క్రమంగా తనిఖీ చేయనేలేదు. అప్పీలుకు వెళ్లిన రోగులు కొద్దిమందే.

ఏం మారుతుందిలే అనకండి. మారింది. 2024లో ఖరారైన ఫెడరల్ నిబంధన ప్రకారం 2026 నుంచి అత్యవసరమైతే 72 గంటల్లో, మామూలుగా అయితే 7 రోజుల్లో తేల్చాలి. కాదంటే కారణం విడమరచి చెప్పాలి. మందులు దీని కిందికి రావు. వాటికి 24 గంటల్లో స్పందించాలని, అత్యవసరమైతే 72 గంటలకు సరిపడా మందు ఇచ్చే ఏర్పాటు ఉండాలని 1990 నాటి చట్టమే చెబుతోంది. మీ క్లినిక్కులో ఎంతమందికి తెలుసు?

ఇంతటితో ఆగకండి. టెక్సస్ 2021లో కొన్ని ప్రైవేటు బీమాలకు ‘గోల్డ్ కార్డ్’ చట్టం తెచ్చింది. ఒక సేవకు 90 శాతం ఆమోదం దక్కించుకున్న డాక్టరుకు దానిమీద ముందస్తు అనుమతి బెడద తప్పుతుంది. అలాంటి వెసులుబాటు మెడికెయిడ్‌లో శిక్షణ క్లినిక్కులకు ఎందుకివ్వకూడదు? అక్కడ సీనియర్ కన్ను ముందే పడుతోంది కదా!

అడగండి! మందుల వాడకాన్ని సమీక్షించే బోర్డు, మెడికెయిడ్ సలహా సంఘం ప్రతి రాష్ట్రంలో ఉంటాయి. ఏం కోరారు, ఎన్నాళ్లు ఆగింది, రోగికి ఏమైంది - పేర్లు లేకుండా రాసిపెట్టి అక్కడ వినిపించండి. వీసా మీద ఉన్నాం, మనకెందుకని తల దించుకోకండి. ఒక్కరికి బెరుకైతే పదిమంది కలిసి వెళ్లండి. రేపు జే-1 వీసా షరతు నుంచి మినహాయింపు కోసం డాక్టర్లు కరువైన ఊళ్లలో మూడేళ్లు పనిచేయబోయేది మీలో ఎందరో. అక్కడా మీ ముందు నిలబడేది ఈ పేదలే.

రోగం పేరు చెప్పిన నోటితోనే రోగి హక్కునూ పలకండి. మీ రాష్ట్రంలో ఆ బోర్డు మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో ఈరోజే కనుక్కోండి. ఆ రోజుకి సెలవు పెట్టండి.