అతుకుల సైకిల్



ప్యాపిలి దగ్గరి పల్లె నుంచి సైకిల్ మీద వచ్చే మా విద్యార్థి ఒకడు మూడు రోజులు క్లాసుకి రాలేదు. 'మిట్ట ఎక్కేటప్పుడు చైన్ జారుతాంది సార్. అతుకుల బండి, కొత్తది కొనమన్నారు' అన్నాడు. హాజరు 75 శాతం తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుంది. కొత్త సైకిల్ యాడి నుంచి వస్తుంది?

నా పీహెచ్‌డీ అక్కరకు రాలేదు. చెట్టు కింద పంక్చర్లేసే అన్న స్కేలు తీసినాడు. తప్పు అతుకులది కాదన్నాడు. కంపెనీ ఏదైనా చైన్ పిన్నుకీ పిన్నుకీ దూరం అరంగుళమే. వెడల్పు చూసుకోవాలి: గేర్ సైకిల్ సన్న చైన్ మామూలు సైకిల్ లావు పళ్ళ మీద కూర్చోదు. ఆపైన అరుగుదల. 24 లింకులు 12 అంగుళాలుండాలి. అంగుళంలో 16వ వంతు సాగితే చైన్ మార్చాలి. 8వ వంతు దాకా వదిలేస్తే పళ్ళనీ తినేస్తుంది. అప్పుడు కొత్త చైన్ ఒక్కటే వేసినా జారుతుంది.

వాడిది అదీ దాటింది. చైన్, ఫ్రీవీలు రెండే మార్చినాం. 44 పళ్ళ చైన్‌వీలు పాతదే. 18 పళ్ళ ఫ్రీవీలు తీసి 22 వేసినాం. పెడల్ ఒక చుట్టుకి చక్రం 2.44 బదులు 2 చుట్లే తిరుగుతుంది, మిట్ట సులువు.

మన తాతల్ని సైకిల్ దిగి నడవమన్న వీధులున్నాయి. ఇప్పుడు మన పిల్లల్ని రిపేరు ఖర్చు దించుతాంది. చేతిపని చిన్నదని నేర్పిన కులమే ఆ అన్న చదువుని చదువు కాదంటాంది.

విద్యార్థి సంఘాల తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, హాస్టల్‌కొక పనిముట్ల పెట్టె అడగండి. నేర్పడానికి ఆ అన్నని పిలవండి, కూలి ఇచ్చి.