బడిలోనే నాట్యం, ఊళ్లోనే వేదిక

తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్, వెలిమెల, ఈదులనాగులపల్లి తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు విజ్ఞప్తి

మన తెల్లాపూర్‌లో సాయంత్రమైతే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లలో గజ్జెలు మోగుతాయి. అక్కడి పిల్లలు నాట్యం నేర్చుకోవడం సంతోషమే. కానీ ఆ ఇళ్లు కట్టిన మేస్త్రీల పిల్లలకు, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ల పిల్లలకు నాట్యమంటే వార్షికోత్సవం ముందు సెల్‌ఫోన్ చూసి నేర్చుకునే ఒక్క సినిమా పాట. ఫీజు కట్టగలిగితేనే నాట్యం అనే పద్ధతి పోవాలి.

బడిలో నాట్యం దయతో ఇచ్చేది కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. కాగితం మీదున్న ఆ హక్కును టైమ్‌టేబుల్‌లోకి తేవాలి.

నాట్యం ఈ నేలకు పరాయిది కాదు. 13వ శతాబ్దంలో కాకతీయ సేనాని జాయపుడు నృత్తరత్నావళి రాశాడు. ఆ గ్రంథాన్ని, రామప్ప గుడి శిల్పాలను ఆధారం చేసుకొని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. 2010 డిసెంబరులో మన పొరుగున గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా కలిసి కూచిపూడి ఆడారు. అలాంటి వేదికలకు దారి మన సర్కారు బడి నుంచి కూడా పడాలి.

చదువు దెబ్బతింటుందని కొందరి భయం. మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అక్షరాల జతులను మూడు కాలాల్లో తప్పకుండా ఆడే పిల్లకు లెక్క ఒంటపడుతుంది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చి తెలుగు ఇంకా పలకలేని పిల్లవాడు కూడా తాళంలో తోటివాళ్లతో కలిసిపోతాడు. ఆడపిల్లల విద్య అని మగపిల్లలను దూరం పెట్టొద్దు: పేరిణి వీరుల నాట్యం, సంప్రదాయ కూచిపూడి భాగవతులు మగవాళ్లే.

మా కోర్కెలు:

1. ఆరు నుంచి పది తరగతులకు వారానికి రెండు నాట్యం పీరియడ్లు. పరీక్షల పేరుతో వాటిని తీసేయొద్దు.
2. నాట్యంలో శిక్షణ పొందిన బోధకులు. వాళ్లకు నెలనెలా గౌరవవేతనం.
3. కోలాటం, బతుకమ్మ ఆటతో మొదలు. ఆ తర్వాత పేరిణి లేదా కూచిపూడి. ఊరి పెద్దమ్మలను బడికి పిలిచి కోలాటం, బతుకమ్మ నేర్పించాలి.
4. బతుకమ్మ రోజుల్లో ఒకసారి, వేసవి సెలవుల ముందు ఒకసారి ఊరి వేదిక. ప్రవేశ రుసుము ఉండొద్దు. గజ్జెలు, దుస్తులు బడివే కావాలి.
5. 2015 నుంచి జరుగుతున్న బడి పిల్లల జాతీయ కళల పోటీ కళా ఉత్సవ్‌కు మన బడుల పిల్లలను సిద్ధం చేసి పంపాలి.
6. ప్రతి సాధనలో, ప్రతి ప్రయాణంలో ఒక ఉపాధ్యాయురాలు లేదా ఒక తల్లి తోడుండాలి.

తల్లులారా, ఈసారి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశానికి తప్పక వెళ్లండి. ఈ కోర్కెలపై తీర్మానం చేయించండి. నకలును మండల విద్యాధికారికి, సంగారెడ్డిలోని జిల్లా విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలారా, ఆదివారం రెండు గంటలు మీ హాలు బడి పిల్లలకు ఇవ్వండి. మీ పిల్లలు, వాళ్లు ఒకే వేదికపై ఆడతారు. వచ్చే బతుకమ్మకే మొదటి ప్రదర్శన జరిపిద్దాం. పదండి!

ఇట్లు,
తెల్లాపూర్ తల్లిదండ్రులు, నాట్యాభిమానులు