రాయబారం చేసిన గోదావరి మనిషి

గోదావరి జిల్లాల ప్రముఖుల జాబితా ఎవరు వేసినా సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు పేరు ఏ మూలనో ఉంటుంది. ఆ ఉన్నచోట కూడా, 1937లో మూడున్నర నెలలు మద్రాసు ప్రధానిగా పనిచేశారన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అంతకన్నా విలువైన ఘట్టం మరొకటుంది. అది 1929 నుంచి 1932 వరకు దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా గడిపిన కాలం.

1875లో రాజమండ్రిలో పుట్టి, ఏలూరులో న్యాయవాద వృత్తి చేసి, జస్టిస్ పార్టీ తొలి మంత్రివర్గంలో మంత్రి అయిన వ్యక్తి ఆయన. 1928లో జెనీవాలో నానాజాతి సమితికి భారత ప్రతినిధిగా వెళ్ళారు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి వారసుడయ్యారు. శాస్త్రిగారి వాగ్ధాటి జగద్విదితం. అటువంటి వక్త ఖాళీచేసిన కుర్చీలో కూర్చోవడం ఎవరికైనా పరీక్షే.

పైగా అదేం కుర్చీ? స్వతంత్రదేశపు రాయబారికుండే హోదా లేదు, బలమూ లేదు. తన దేశంలోనే పరపాలన సాగుతుండగా, పరాయి గడ్డమీద తనవారి హక్కులు అడగాలి. అడగడమే తప్ప ఆజ్ఞాపించే వీలు లేదు.

ఆ తనవారెవరు? 1860 నుంచి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు ఓడలెక్కినవారూ, వారి సంతానమూ. వారిలో మన తెలుగు జిల్లాలవారు వేలల్లో ఉన్నారు. 1927 నాటి కేప్‌టౌన్ ఒడంబడిక ప్రకారం, దేశం విడిచిపోయేవారికి ఓడఖర్చులూ కొంత సొమ్మూ ఇస్తారు. ఉండిపోయేవారి అభ్యున్నతికి తోడ్పడతారు. వినడానికి బాగానే ఉంది. కాని అక్కడే పుట్టి పెరిగినవాడికి "స్వదేశం" ఏది? తిరిగివచ్చినవారు ఇక్కడ పడ్డ అగచాట్లను భవానీ దయాళ్ సన్యాసి 1931లో ఒక నివేదికగా వెలువరించారు.

1932 ఆరంభంలో కేప్‌టౌన్‌లో రెండవ సమావేశం జరిగింది. భారత ప్రతినిధివర్గంలో శాస్త్రిగారూ, సరోజినీ నాయుడుగారూ, వెంకటరెడ్డి నాయుడుగారూ ఉన్నారు. అక్కడి భారతీయుల్లో నూటికి 80 మంది ఆ గడ్డమీద పుట్టినవారేననీ, తిప్పిపంపే పథకానికి ఇక పెద్దగా అవకాశం మిగలలేదనీ ఉభయపక్షాలూ ఒప్పుకున్నాయి. చిన్న మాట కాదది. "వీరు ఇక్కడివారే" అన్న సత్యాన్ని ప్రత్యర్థి నోట పలికించడమే.

అదే ఏడాది ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాసుల భూమి హక్కులను బిగించే చట్టం వచ్చిన మాటా నిజమే. దాన్ని చూపించి, బ్రిటిషువారి కొలువు చేసినవాడు ఏం సాధించాడని కొందరు అడుగుతారు. ఆయన రాజకీయాలతో నాకూ ఏకీభావం లేదు. అయినా రాయబారిని గెలిచిన పందేలతో కొలవడం సరికాదనుకుంటాను. చేతిలో ఏ ఆయుధమూ లేనప్పుడు ఎవరి పక్షాన మాట్లాడాడన్నదే కొలమానం.

జాతీయోద్యమ చరిత్ర ఆయనను జస్టిస్ పార్టీ మనిషిగా పక్కన పెట్టింది. దాంతో ఆయన ఎవరి కోసం మాట్లాడారో ఆ కూలీల కథ కూడా మన జిల్లా చరిత్రల్లోంచి జారిపోయింది. ఏజెంటు వార్షిక నివేదికలు ఇంగ్లీషులో అచ్చయ్యాయి. గోదావరి తీరాన ఉన్న విశ్వవిద్యాలయాలలో ఏదైనా వాటిని తెలుగులోకి తెస్తే బాగుంటుంది. నాయుడుగారికి విగ్రహం కన్నా ఆ పని మేలు. మన ఊళ్ళనుంచి ఓడలెక్కి, మళ్ళీ తిరిగిరాని వారికి మనం పడ్డ బాకీ కూడా కొంత తీరుతుంది.