ఆలస్యంగా అమ్మ కావాలనిపిస్తే

నలభై దాటిన స్త్రీ నీళ్ళోసుకున్నదని తెలిస్తే మన యిళ్ళలో ముందుగా వినిపించేది ముసిముసి నవ్వు, ఆ తరువాత "ఈ వయసులో యిదేం పని?" అన్న సణుగుడు. ఇదేదో యీ కాలపు వింత అయినట్లు! అమ్మమ్మల కాలంలో తల్లీ కూతురూ ఒకే యేడు పురుడు పోసుకోవడం, మేనల్లుడికన్న మేనమామ చిన్నవాడు కావడం చాలా కుటుంబాల్లో జరిగినదే. ఆ బిడ్డను కడగొట్టువాడని ముద్దు చేశారే గాని, ఎందుకు కన్నావని తల్లిని ఎవరూ అడగలేదు. అడిగినా ఆమెవద్ద జవాబు వుండేది కాదు. ఆమె కోరి తెచ్చుకున్నది కాదు గదా అది!

ఈనాటి సంగతి వేరు. తొలి కాన్పుకే నలభై వచ్చేదాకా ఆగినవాళ్ళున్నారు. వద్దనుకోవడానికీ, కావాలనుకోవడానికీ వీలు చిక్కినప్పుడే "ఎందుకు?" అన్న ప్రశ్నకు అర్థం వస్తుంది. అయితే అది ఇరుగుపొరుగువారు వేయవలసిన ప్రశ్న కాదు. తనకు తాను వేసుకోవలసినది.

చాలామందికి యీ కోరిక కొత్తది కాదు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, తమ్ముడి చదువు, ఉద్యోగం, యింటి అప్పు - ఒకదాని వెనుక ఒకటి వస్తూంటే "వచ్చే యేడు చూద్దాం" అని మూటగట్టి అటకమీద పెట్టిన కోరిక అది. ఇక వ్యవధి లేదని తెలిసేసరికి మూట క్రిందికి దిగుతుంది.

మరికొందరికి మొదట నిజంగానే అక్కరలేదు. తల్లి బ్రతుకంతా కాన్పుల్లో, వంటింట్లో కరిగిపోవడం చూసిన పిల్ల, తనకా బ్రతుకు వద్దనుకుంటుంది. తన కాళ్ళమీద తాను నిలబడ్డాక ఆ భయం తగ్గుతుంది. అమ్మ అయినంతమాత్రాన అమ్మలాగే బ్రతకనక్కరలేదని ధైర్యం వస్తుంది. కన్నతల్లి కన్నుమూశాక యీ కోరిక మొలకెత్తేవాళ్ళూ వున్నారు. కూతురుగా వుండే చోటు పోయినప్పుడు, తల్లిగా వుండే చోటుకోసం మనసు వెతుక్కుంటుంది కాబోలు.

ఎరిక్ ఎరిక్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1950లో వెలువడిన తన గ్రంథంలో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించాడు. తరువాతి తరాన్ని తీర్చిదిద్దాలన్న తపన నడివయసుకు సహజమనీ, అది తీరకపోతే మనసు నిలవనీరవుతుందనీ ఆయన భావం. అయితే బిడ్డను కంటేనే అది తీరుతుందని ఆయన అనలేదు. ఇరవై యేళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని గనుక నాకది వట్టి పుస్తకపు మాటగా తోచదు. కాని తరగతి గదితో తృప్తి చెందనివారిని తప్పు పట్టే హక్కు నాకెక్కడిది?

ఇవన్నీ లోపలినుంచి పుట్టే కోరికలు. బయటినుంచి వచ్చి, మన కోరికలాగే వేషం వేసుకునేవీ వున్నాయి. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బయి యేళ్ళు దాటిన ఒక స్త్రీ ఆపరేషన్ మీద కవల ఆడపిల్లలను కన్నది. దేశమంతా ఆమె వయసును గురించి వాదించుకున్నది. ఆమె పత్రికలవారితో చెప్పుకున్నది మాత్రం ఇరుగుపొరుగువారు తనను గొడ్రాలన్న సంగతి. యాభై యేళ్ళకు పైగా మోసినా ఆ మాట బరువు తగ్గలేదన్నమాట! తెలుగు చెప్పుకుని బ్రతికేదాన్ని. పిల్లలు లేని మొగవాడి మీద వీధిలో విసరడానికి అటువంటి మాట ఒక్కటీ నాకు తగలలేదు. 2021లో వచ్చిన చట్టం యిటువంటి చికిత్సలకు స్త్రీకి 50, పురుషునికి 55 యేళ్ళు హద్దు పెట్టింది. వయసుకు చట్టం హద్దు పెట్టగలదు. నోటికి మనమే పెట్టుకోవాలి.

ముసలితనంలో ఆసరాకని కనేవారూ వున్నారు. లెక్క చూసుకోండి. 45లో కన్న బిడ్డకు 20 వచ్చేసరికి తల్లికి 65. ఆ వయసు పిల్లకు యింకా తల్లి ఆసరాయే కావాలి. ఇక చేతికందిన బిడ్డను పోగొట్టుకుని మళ్ళీ కనాలనుకునేవారి దుఃఖానికి ఎవరేం చెప్పగలరు? ఒక్కటే మనవి: వచ్చే బిడ్డ తన బ్రతుకు తాను బ్రతకడానికి వస్తుంది, పోయినవాడి బ్రతుకు పూర్తిచేయడానికి కాదు.

ఈ ఆలోచన వున్నవారు ముందుగా డాక్టరును కలుసుకోవాలి. 35 దాటినప్పటినుంచి గర్భం నిలిచే అవకాశం తగ్గుతూ వస్తుంది. నలభై దాటాక గర్భస్రావం, రక్తపుపోటు, మధుమేహం భయాలు హెచ్చు. పెంచుకోవడమే ముఖ్యమనుకునేవారికి దత్తత దారి వున్నది. అక్కడా వయసు లెక్క వుంది: 2022 నాటి నిబంధనల ప్రకారం రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 85 దాటరాదు. కాస్త పెద్ద పిల్లలకు ఆ హద్దు కొంత సడలుతుంది.

డాక్టరు చెప్పలేనిది ఒకటుంది. అది ఒంటరిగా కూర్చుని తేల్చుకోవాలి. "రేపటినుంచి పెళ్ళిళ్ళలో, పేరంటాలలో 'పిల్లలెందరు?' అని నన్నెవరూ అడగరనుకుంటే, అప్పుడు కూడా నాకు బిడ్డ కావాలా?" కావాలని మనసు చెబితే, ముసిముసి నవ్వులను లెక్కచేయకండి. అక్కరలేదంటే, ఆ జవాబునూ అంతే గౌరవంగా ఒప్పుకోండి. పదిమంది నోళ్ళు మూయించడానికి ఒక పసిబిడ్డను యీ లోకానికి పిలవడం న్యాయం కాదు.