నాటకం ముగిసిన తరువాత

నాటకం ఎందుకు చూడవలెనన్న ప్రశ్నకు మన పెద్దలు రసానందమనీ, నీతిబోధ అనీ, భాషాజ్ఞానమనీ పలు సమాధానాలు చెప్పినారు. వాటిలో దేనినీ కాదనలేము. అయితే వీటి పక్కన చిన్నదిగా కనిపించే మరొక ప్రయోజనం ఉన్నది. ఇంటిల్లిపాదీ కలిసి చూచినప్పుడే అది సిద్ధిస్తుంది. నాటకం ముగిసి, చాపలు చుట్టుకొని ఇంటికి నడిచే దారిలో అది మొదలవుతుంది.

చిత్తూరు సీమలో పుట్టినవారికి ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా నుంచి 2022లో తిరుపతి జిల్లా వేరుపడినది. సరిహద్దులు మారినా, ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ ముందర వేసవిలో జరిగే భారతాలు మాత్రం రెండు జిల్లాలకూ ఉమ్మడి సొత్తుగానే నిలిచినవి. పగలు హరికథ, రాత్రి వీథినాటకం, పలుచోట్ల పద్దెనిమిది రోజులు. అరవదేశపు తెరుక్కూత్తుకు ఇది దగ్గరి చుట్టం. హార్మోనియం, మద్దెల, తాళాల నడుమ పద్యమూ పాటా తెల్లవారేదాకా సాగుతవి. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసే ఘట్టానికి పొడవైన మానును పాతుతారు. పాత్రధారి పద్యాలు పాడుతూ ఆ మాను ఎక్కి, పైనుంచి పండ్లు విసురుతాడు. వాటికోసం సంతానం లేని స్త్రీలు తడిబట్టలతో క్రింద కాచుకొని ఉంటారు. చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుని తొడపై భీముని గద పడుతుంది.

రెండేండ్ల క్రిందట మా తల్లిగారిని, భార్యను, ఎనిమిదవ తరగతి చదివే కుమార్తెను వెంటబెట్టుకొని ఒక పల్లె భారతానికి వెళ్ళినాను. ఆ రాత్రి వస్త్రాపహరణం. మొదటి గంటసేపు అమ్మాయి ఆవులించింది. ద్రౌపది సభకు వచ్చి, తన్ను తాను ఓడిన భర్తకు తనను ఒడ్డే హక్కు ఉన్నదా అని అడిగినప్పుడు మాత్రం లేచి కూర్చున్నది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మాయి ఊరకుండలేదు. "అవ్వా, ధర్మరాజు మంచోడు గదా, పెండ్లాన్ని ఎట్ల పందెం పెట్టినాడు?" అని అడిగింది.

"ఆ మాట ఆయమ్మే సభలో అడిగింది గదే. ఎంతెంత పెద్దోళ్ళున్నారు! ఎవురు బదులు చెప్పిరి?" అన్నది మా అమ్మ. అప్పటికి మేము తపస్సు మాను దగ్గరికి వచ్చినాము. ఆమె ఆగి, మనుమరాలి చేయి పట్టుకొని, ఇట్లా చెప్పింది: "నేనూ ఇట్లాంటి మాను కింద తడికోకతో పడుకున్నానే. పెండ్లయి ఎనిమిదేండ్లు బిడ్డల్లేరు. గొడ్రాలనేవాళ్ళు. ఇంకో పిల్లను తెస్తామని ఇంట్లో మాట జరగతా ఉండె. మీ తాత పక్కనే కూచోనుండె, పలకలే. నా కొంగులో ఏమీ పడలే. పక్కనామెకు నిమ్మకాయ పడింది. మూడేండ్లకు మీ నాయన పుట్టినాడు. ఆయమ్మకు కడదాకా పుట్టలే."

నాకు యాభై ఏండ్లు దాటినవి. మా తండ్రిగారు ధర్మరాజువంటివారని నలుగురిలో చెప్పుకొనేవాణ్ణి. ఆయన మౌనాన్ని గురించి ఆ రాత్రిదాకా వినలేదు. మా తల్లిగారు నిందగా చెప్పలేదు, కన్నీరు పెట్టలేదు. మనుమరాలు అడిగింది కనుక చెప్పింది. నేను ఏనాడూ అడగలేదు.

ఆ వీథినాటకంలో నటులు గొప్పవారని అనను. శ్రుతి తప్పినది, దుర్యోధనుని కిరీటం రెండుసార్లు జారినది. అయినా మా ఇంట అర్ధ శతాబ్దం మూసిఉన్న తలుపు తెరుచుకొన్నది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుండి ఎవరూ చెప్పుకోలేని సంగతిని ద్రౌపది నెపంగా చెప్పుకోగలిగినాము. పురాణపాత్రల చాటున మన కష్టం చెప్పుకోవడంలో సిగ్గు లేదు.

చేతిలోని ఫోనులో వేయి నాటకాలు చూడవచ్చునని కొందరంటారు. నిజమే. కాని ఇంట్లో నలుగురూ నాలుగు తెరలలో నాలుగు కథలు చూస్తే, ఎవరి కథ గురించి ఎవరిని అడగాలి? రుచించనిదాన్ని అక్కడ వేలితో త్రోసివేస్తాము. రంగస్థలం ముందు ఆ వీలు లేదు. ముసలివారికి నచ్చినది పిల్లలు, పిల్లలకు నచ్చినది ముసలివారు ఓపికతో చూడవలసినదే. రాత్రి మేలుకుంటే చదువు చెడుతుందన్న ఆక్షేపణలోనూ సత్యం ఉన్నది. అయితే భారతాలు ఎక్కువగా వేసవిలోనే జరుగుతవి. సెలవులలో ఒక రాత్రి నిద్ర అంత పెద్ద వెల కాదు.

1885లో కడప సీమలోని సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో ఆరంభమైన సురభి సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నటులైనవి. తల్లులు, తండ్రులు, బిడ్డలు ఒకే వేదికపై నిలిచినారు. కుటుంబం కలిసి నాటకం ఆడగలిగిన గడ్డమీద, కలిసి చూడడమైనా మనకు చేతకాదా?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. విద్యార్థులను నాటకానికి బారులు తీర్చి తీసుకొనిపోయి, మరునాడు దానిపై వ్యాసం వ్రాయించడం మనకు అలవాటు. దానికి బదులు ఇంటివారితో కలిసి వెళ్ళమనండి. వచ్చే దారిలో పక్కన నడిచే పెద్దవారిని ఒక్క ప్రశ్న అడగమనండి. ఆ జవాబును పుస్తకంలో వ్రాయనక్కరలేదు, మనకు చూపనక్కరలేదు, దానికి మార్కులు వేయనక్కరలేదు. వింటే చాలు.

విద్యార్థులకు చెప్పవలసినది ఇంకొకటి ఉన్నది. మీ అవ్వలు, తాతలు ఇంకా నడవగలిగి ఉన్నప్పుడే వారిని వెంటబెట్టుకొని వెళ్ళండి. భారతం మళ్ళీ వేసవికి వస్తుంది.