మానిటర్‌పై నూరు కనిపిస్తే...

నూటికి నూరు వస్తే ఎవరికైనా సంతోషమే. నవజాత శిశువుల ఐసీయూలో మాత్రం ఆ అంకెను అనుమానించాలి. నెలలు నిండకుండా పుట్టి ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు పల్స్ ఆక్సీమీటర్ రీడింగ్ సాధారణంగా 90-95 మధ్య ఉండేలా చూస్తారు. అది 100కు చేరిందంటే రక్తంలో ఆక్సిజన్ అవసరానికి మించి ఎంత పెరిగిందో ఆ యంత్రం చెప్పలేదు. ఆ అదనమే రెటీనాలో రక్తనాళాల ఎదుగుదలను దెబ్బతీసి చూపు పోగొట్టవచ్చు. ఆక్సిజన్ పెట్టని బిడ్డకు అదే 100 వస్తే కంగారు లేదు. ఈ తేడాను రాత్రి రెండింటికి పట్టుకోవాల్సింది డ్యూటీలో ఉన్న సిస్టరే.

చరిత్రలో ఇందుకు పెద్ద పాఠమే ఉంది. 1940లలో ఇంక్యుబేటర్లలోకి ధారాళంగా ఆక్సిజన్ వదిలారు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 వేల మంది పిల్లలు చూపు కోల్పోయారని అంచనా. వాషింగ్టన్‌లో ఆర్నాల్ పాట్జ్ అనే యువ వైద్యుడు ఆక్సిజన్‌ను శంకించి, కొందరు శిశువులకు తగ్గించి చూశారు. బిడ్డలకు ఊపిరాడదని భయపడ్డ కొందరు నర్సులు రాత్రిళ్లు గుట్టుగా దాన్ని పెంచేవారు. అది నిర్లక్ష్యం కాదు, మమకారం. ఆక్సిజన్‌దే తప్పని 1950ల మధ్యలో తేలాక, అందరికీ ఒకే కొలతగా కోత పెట్టారు. అంధత్వం తగ్గింది, ఊపిరందక మరణాలు పెరిగాయి. మమకారం ఒక్కటే చాలలేదు, గుడ్డిగా పాటించిన నిబంధనా కాపాడలేదు.

మన దేశంలో 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలైన ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రాలు ఇప్పుడు తెలుగు జిల్లాల ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి. వార్మర్లు, మానిటర్లు వచ్చాయి. వాటి ముందు నిలబడే మనిషికి మాత్రం ఎక్కువగా ‘ఏం చేయాలి’ అన్నదే నేర్పుతున్నాం, ‘ఎందుకు’ అన్నది వదిలేస్తున్నాం.

రీడింగ్ 82కు పడి అలారం మోగిందనుకుందాం. చెయ్యి వెంటనే ఆక్సిజన్ నాబ్ మీదకు వెళ్తుంది. వెళ్లాల్సింది ముందు బిడ్డ మీదకు. ఛాతీ కదులుతోందా? మెడ వంగిపోయిందా? ముక్కులో పాలు అడ్డుపడ్డాయా? కాలికి కట్టిన ప్రోబ్ జారిందా? నిజంగానే ఆక్సిజన్ పెంచాల్సి వస్తే, బిడ్డ తేరుకున్నాక తగ్గించేది ఎవరు? డ్యూటీ మారే వేళ పది నిమిషాలు ఇలాంటి ఒక్క కేసును అందరూ కలిసి చర్చించుకోవచ్చు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు.

అయితే ఆలోచించడం నేర్పి, అడిగితే కసురుకుంటే ఫలితం ఉండదు. ‘బిడ్డ నిన్నటిలా లేదు సార్, పాలు సరిగ్గా తాగడం లేదు’ అని సిస్టర్ చెప్పే మాట ఇన్ఫెక్షన్‌కు తొలి కబురు కావచ్చు. దాన్ని కేస్ షీట్‌లో రాసే చోటు, డాక్టర్ వినే ఓపిక ఉండాలి. నిబంధనల ప్రకారం మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలి. అంతకు మించి పిల్లలను అప్పగిస్తే ఆలోచనకు తీరికేది? శిక్షణ పొందిన వారిని మరో వార్డుకు బదిలీ చేస్తే ఆ నేర్పు కూడా వారితోనే పోతుంది.

సమీక్షలకు వచ్చే అధికారులు పనిచేస్తున్న వార్మర్లను లెక్కిస్తారు. ఈసారి రాత్రి డ్యూటీ సిస్టర్‌ను ఒక్క ప్రశ్న కూడా అడగాలి: ‘ఈ బిడ్డకు ఇంత ఆక్సిజన్ ఎందుకు?’ ‘డాక్టర్ గారు పెట్టమన్నారు’ అన్నదే జవాబైతే, శిక్షణ ఇంకా మొదలు కానట్టే.