గినీ పిగ్‌లకు లవ్‌బర్డ్స్ పంజరమా?

పిల్లల ముచ్చట కోసం ఇంట్లోకి వచ్చే జంతువుల్లో ఇప్పుడు గినీ పిగ్‌లు కూడా చేరాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, కరవడం తక్కువ, గడ్డి సంచి చప్పుడు వినపడితే చాలు ఈల వేసినట్టు అరుస్తాయి. పలాస, కాశీబుగ్గల్లో నేను చూసిన ఇళ్లన్నిటిలోనూ వీటిని పెట్టింది లవ్‌బర్డ్స్ కోసం చేసిన తీగల పంజరంలోనే. అమ్మేవాళ్లు జంతువుతోపాటు దాన్నీ అంటగడతారు. కొనేవాళ్లం అదే దాని ఇల్లు కాబోలనుకుంటాం. నన్నడిగితే ఆ పంజరానికి పెట్టిన డబ్బు దండగ. జంతువుకైతే అది శిక్షే.

పక్షికి ఎత్తు కావాలి. గినీ పిగ్ ఎగరదు, ఎక్కదు, నేల మీద అటూ ఇటూ పరిగెడుతుంది. పెరిగాక కిలో దాకా తూగే జంతువు అడుగున్నర పంజరంలో ఎటు తిరిగినా గోడే. పైగా కింద తీగల జాలీ. దాని అరికాళ్లకు బొచ్చు ఉండదు, తీగల మీద నిలబడీ నిలబడీ పుళ్లు పడతాయి. ఒంటరిగా ఉంటే బెంగపడుతుంది కాబట్టి రెండు ఉండాలి. స్విట్జర్లాండులో 2008లో వచ్చిన నిబంధనల ప్రకారం ఒక్క గినీ పిగ్‌నే పెంచడం కుదరదు. రెండూ ఆడవైతే మేలు, లేకపోతే రెండు నెలలు దాటేసరికి ఇంట్లో ఎన్నుంటాయో చెప్పలేం. మన దేశంలో కూడా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, జంతువు కదలడానికి వీల్లేని బోనులో దాన్ని పెట్టడాన్ని నేరంగానే చెప్తోంది.

రెంటికీ కలిపి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి. అంతకు తగ్గితే వద్దు. ఈ కొలత చెప్పగానే మా పక్కింటి అప్ప, "ఎలకంత దానికి మంచమంత ఇల్లేటమ్మా?" అని నవ్వింది. నవ్వొచ్చే మాటే. కానీ మంచం ఎంత చోటు తీసుకుంటుందో తెలిసి కొంటాం, దీని సంగతి తెలియకుండా తెచ్చేస్తాం.

ఇక మన ఎండలు. గినీ పిగ్‌లు పుట్టింది దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల చల్లదనంలో. పెరూలో పల్లెటూరి ఆడవాళ్లు వాటిని తరతరాలుగా వంటింట్లోనే పెంచుతున్నారు, ముచ్చటకి కాదు, మాంసానికి. ఆ కొండల మీద వంటిల్లు వెచ్చగా ఉంటే సుఖం. మన వంటింట్లో పెడితే సెగ, పొగ, తాలింపు ఘాటు. వాటికి చెమట పట్టదు. 30 డిగ్రీలకు దగ్గరవుతుంటేనే ప్రమాదం. వేసవిలో మన ఉద్దానం తీరంలో అంతకు మించే ఉంటుంది, ఉక్క వేరే. అందుకని రేకుల వరండా పనికిరాదు, డాబా మీద గది అసలే వద్దు. కింద ఉండే లోపలి గదిలో, మధ్యాహ్నం ఎండ తగలని మూల చూడాలి. కూలర్ ఉంది కదా అనుకోకండి. సముద్రపు గాలిలో అది తేమ పెంచడమే తప్ప పెద్దగా చల్లబరచదు. నేను చెప్పేది గ్రానైటు ముక్క. టెక్కలి చుట్టుపక్కల కటింగు ఫ్యాక్టరీల దగ్గర పనికిరాని ముక్కలు దొరుకుతాయి. అంచులు నున్నగా చేయించి ఒక మూల వేస్తే, ఎండపూట అవి వచ్చి దాని మీదే పొట్ట ఆనించి పడుకుంటాయి. దీనికి కరెంటు అక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు పడిపోయి, ఎన్నో ఊళ్లలో రోజుల తరబడి చీకట్లో ఉన్నాం కదా. కరెంటు మీదే ఆధారపడే ఏర్పాటు మన వైపు నిలవదు.

వడ్రంగి చేత తక్కువ ఎత్తు పెట్టె చేయించుకోవచ్చు. అడుగున ప్లైవుడ్, దాని మీద నీళ్లు పీల్చని షీటు, చుట్టూ జాలీ, పైన పిల్లీ పామూ దూరకుండా గట్టి మూత. దాక్కోవడానికి రెండు అట్టపెట్టెలు. గాజు తొట్టిలో గాలి ఆడదు. వాన నీళ్లు లోపలికి వచ్చే ఇళ్లలో కింద రెండు ఇటుకల ఎత్తు పెట్టండి.

పరుపు విషయంలో, చేతికి అందుతుంది కదా అని జీడిపిక్కల తొక్కు మాత్రం వెయ్యకండి. అందులో జీడి తగిలి చేతులు పొక్కిన ఆడవాళ్లు పలాసలో వీధికి ఎందరో. మనుషుల చేతుల్నే కాల్చేది ఆ మెత్తటి పాదాల్ని వదులుతుందా? కొబ్బరి పీచు వేళ్లకు చుట్టుకుంటుంది. పాత పేపర్లు నాలుగు పొరలు, పైన పాత నూలు చీర ముక్క, ఓ మూల గుప్పెళ్లకొద్దీ ఎండుగడ్డి, అంతే. (ఈ పేజీ కూడా చివరికి అక్కడికే చేరితే నాకేం అభ్యంతరం లేదు.)

తడిసినవి రోజూ తియ్యాలి, లేకపోతే వాసనతో వాటికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. తీసేది ఎవరు? గినీ పిగ్ ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. ఆరో తరగతిలో మారాం చేసి కొనిపించుకున్న పిల్లాడు పదో తరగతి కాగానే విశాఖపట్నం హాస్టలుకి వెళ్లిపోతాడు. జంతువులు అమ్మకి మిగులుతాయి. అందుకే పెట్టె ముందు పలక మొత్తం కిందికి వాలేలా చేయించమంటాను. అప్పుడు లోపలికి దూరి తుడవక్కర్లేదు, చీపురుతో నేరుగా చేటలోకి ఊడ్చెయ్యొచ్చు. కొనేటప్పుడు ఎంత బాగుంది అని కాదు, ఊడవడానికి ఎంతసేపు పడుతుంది అని అడగండి. ఆ ప్రశ్న ఇంట్లో మగవాళ్లకి ఎలాగూ తోచదు.

కొనే ముందు ఓ పని చెయ్యండి. నాలుగడుగులు, రెండడుగులు కొలిచి ఆ మూల ముగ్గుపిండితో గీయండి. చుట్టాలొచ్చిన రోజుతో సహా ఒక వారం దాన్ని తొక్కకుండా తిరగగలిగితే మీ ఇంట్లో చోటున్నట్టే. రెండో రోజుకే చెరిగిపోతే, ఆ చెరిగిన ముగ్గునే పిల్లలకు చూపించండి.